నున్నటి నీళ్ళు

సముద్రం ఒడ్డున చలికాలం గడపడానికి బయల్దేరుతూ మా అత్తయ్య పెట్టెలో అన్నిటికంటే ముందు సర్దుకున్నవి ఉన్ని మేజోళ్ళు.

"అక్కడ ఎండ మండిపోతుందట అత్తయ్యా, ఇవెందుకు?" అన్నాను.

"ఎండని నమ్ముకుని కాళ్ళు వదిలేసుకోమంటావా? ఉండనీ, ఓ మూల పడుంటాయి" అంది ఆవిడ.

ఇంట్లో నేనొక్కదాన్నే పిరికిదాన్నని అందరూ ఆడిపోసుకుంటారు. అందుకే ఆ మేజోళ్ళు చూస్తే నాకు కాస్త తోడు దొరికినట్టయింది. నా సంచీలో నేను వేసుకున్నవి జ్వరం మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, కాలిన గాయానికి పూసే మందు, టార్చిలైటు, కొవ్వొత్తులు, ఒక ఈల, ఒక పొడుగాటి నైలాను తాడు. ఆ తాడు చూసి మా పిట్ట మంచం మీద పడి దొర్లుతూ నవ్వింది. పిట్ట అంటే మా అమ్మాయి. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు ఎదిగినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

"తాడెందుకమ్మా? సముద్రాన్ని కట్టేస్తావా?"

"నిన్ను కట్టేస్తాను, గుంజకి."

"మరి ఈలెందుకు? మైకు ఉండగా మళ్ళీ ఈల కూడానా?"

మైకు అంటే నేనే. నా గొంతు అలాంటిది. నేను వాకిట్లో నిలబడి పిలిస్తే సరస్సు అవతల కుక్కలు లేచి నిలబడతాయని మా ఆయన అందరికీ చెప్పి నవ్విస్తుంటారు.

ఆ సరస్సే మా బతుకు. చలి ముదిరితే మా ఊరి సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గడ్డకడుతుంది. అవతలి ఊరికి పోయే బళ్ళు, లారీలు కొండ చుట్టూ తిరగకుండా ఆ గడ్డ మీద నుంచే పోతాయి. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో చూసి, పోవలసిన దారికి అటూ ఇటూ కర్రలు పాతేది మా ఆయన. నడుముకి తాడు కట్టుకుని, చేతిలో ఇనప గునపంతో గడ్డని పొడుస్తూ, ఆ చప్పుడు వింటూ పోతారు. తాడు రెండో కొస ఒడ్డున శిష్యుడి చేతిలో ఉంటుంది. ఊళ్ళో అందరికీ ఆయన కర్రలాయన. ఆయన పాతిన కర్రల మధ్య ఒక్క బండి కూడా దిగబడలేదు.

మా పిట్టకి అక్షరాల కంటే ముందు ఆయన రెండు మాటలు నేర్పారు. ఒకటి: నల్లగా, నున్నగా, అద్దంలా ఉన్నది గట్టిది, దాని మీద నడువు, తెల్లగా నురగలా ఉన్నదాన్లో గాలి ఉంటుంది, దాన్ని నమ్మకు. రెండు: కాలు దిగబడితే ముందుకి పోకు, పక్కకి పోకు, వచ్చిన దారినే వెనక్కి తిరుగు. అంతదాకా నిన్ను మోసింది ఆ దారే కదా.

నాకు అన్నీ భయమే. గ్యాసు కట్టానో లేదో అని బస్సు దిగి ఇంటికొచ్చిన రోజులున్నాయి. పిట్ట బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే నా కళ్ళ ముందు ఆసుపత్రి, అంబులెన్సు, తెల్లగుడ్డ అన్నీ వరసగా వచ్చేసేవి. కానీ ఒక్క చోట నాకు భయం ఉండేది కాదు. గడ్డ మీద ఆయన "పోవచ్చు" అంటే పోవచ్చు. ఆ కర్రల మధ్య నడుస్తున్నంతసేపూ నా గుండె అందరి గుండెలాగే కొట్టుకునేది. కింద ఎంత లోతు నీళ్ళున్నాయో నాకు గుర్తు కూడా వచ్చేది కాదు. లోకంలో నాకున్న గట్టి నేల అంతా ఆ కర్రల మధ్య ఉన్నంతే.

ఆ ఏడు ఆయనకి దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా వదల్లేదు. గొంతు కూడా పోయింది, మాట గాలిలా వచ్చేది. "ఈ ఒక్క చలికాలం ఆ గాలికి దూరంగా ఉంచండమ్మా" అన్నాడు డాక్టరు. సరస్సు మీద బండి నడిపే లారీ డ్రైవరు ఆ మాట విని, "మా అక్క ఇల్లు సముద్రం పక్కనే. పై వాటా ఖాళీ. మీ దారి మీద ఇన్నాళ్ళు నిశ్చింతగా తిరిగాను, ఒక్క సీజను మీరెళ్ళి నిశ్చింతగా కూర్చోండి" అన్నాడు. కర్రలు శిష్యుడికి అప్పగించి, నేను బొంతలు కుట్టే షెడ్డులో సెలవు చెప్పి, నలుగురం రైలెక్కాం.

*

ఇంత వెచ్చటి చలికాలం ఉంటుందని నాకు తెలియదు. రైలు దిగేసరికి నా స్వెట్టరు నాకే బరువైపోయింది. వీధుల్లో జనం చలికాలం అనే సంగతే ఎవరూ చెప్పనట్టు పలచటి బట్టల్లో, కాళ్ళకి రబ్బరు చెప్పులతో తిరుగుతున్నారు. పై వాటాలో ఒక పెద్ద గది, ఒక వంటిల్లు, ముందు వరండా. వరండాలో నిలబడితే ఎదురుగా సముద్రం. పిట్ట సంచీ కింద పడేసి, "అమ్మా, దీనికి అవతలి ఒడ్డు లేదు!" అని కేక వేసింది. నాకు సరిగ్గా అదే నచ్చలేదు. అవతలి ఒడ్డు లేని నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

కింద వాటా అక్క చేపలు ఎండబెట్టే చోట పని చేస్తుంది. మేము లేచేసరికి వెళ్ళిపోయి, పొద్దుగూకాక వస్తుంది. మొదటి రోజే మెట్ల మీద నిలబడి, "స్నానాలకి పోతే జెండాలున్న చోటికి పోండి. అక్కడ కాపలాకి ఈలాయన ఉంటాడు. ఆయన చెప్పినట్టు వింటే చాలు" అంది. నేను ఆ మాట పిట్ట చేత మళ్ళీ చెప్పించుకున్నాను.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. బాగానే ఏమిటి, అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. పొద్దున్న ఉతికిన బట్టలు వెనక్కి తిరిగి చూసేలోపు ఆరిపోయేవి. నేను తెచ్చిన నైలాను తాడు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి కట్టి తువ్వాళ్ళు వేశాను. "తాడు తెచ్చినందుకు అమ్మకి బహుమతి ఇవ్వాలి" అంది పిట్ట. అత్తయ్య కొబ్బరినీళ్ళు తాగుతూ వరండాలో కుర్చీ వేసుకుని పోయే వచ్చేవాళ్ళందరికీ వంకలు పెట్టేది. సాయంత్రాలు అందరం బజారులో ఊరికే తిరిగేవాళ్ళం. ఆ సందులన్నీ ఒకేలా ఉండేవి. ఏ మలుపులోనో దారి తప్పి నేను కంగారుపడితే, పిట్ట వాళ్ళ నాన్న గొంతు పెట్టి, "ఎటొచ్చావో అటే తిరుగు, నిన్ను మోసింది ఆ దారే!" అని నవ్వేది. ఆయన కూడా నవ్వేవారు. మెల్లమెల్లగా ఆయన నవ్వు మధ్యలో దగ్గు రావడం మానేసింది.

ఒకరోజు తెల్లవారుతుండగా నాకు ఉలిక్కిపడి మెలకువ వచ్చింది. ఏదో తక్కువైంది. ఏమిటా అని కంగారుగా చూస్తే, ఆయన దగ్గడం లేదు. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"బతికే ఉన్నాను, పడుకో" అన్నారు కళ్ళు తెరవకుండానే.

*

జెండాల దగ్గర జనం ఎక్కువ. ఈలాయన మాటిమాటికీ ఈల ఊదేవాడు. "కొంచెం ముందుకొస్తే ఈల, పక్కకి జరిగితే ఈల. ఇది స్నానమా, కవాతా?" అని మా ఆయన విసుక్కున్నారు. ఎవరూ తనకి నీళ్ళ గురించి చెప్పని ఊరి నుంచి వచ్చిన మనిషి. ఇంతకాలం ఊరంతా నిలబడి ఆయన మొహం వైపు చూసేది, ఆయన తల ఊపితే కదిలేది. ఇక్కడ ఎవడో చెడ్డీ వేసుకున్న మనిషి ఈల ఊది వెనక్కి రమ్మంటున్నాడు.

ఒక పొద్దున నల్లరాళ్ళు దాటి అవతలికి నడిచాం. అక్కడ జనం లేరు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. సరస్సు ముందు ప్రతి ఏడూ నిలబడినట్టే. మేమూ నోళ్ళు మూసుకుని వెనక నిలబడ్డాం. కుడి పక్కన అలలు లేచి, తెల్లగా విరిగి, నురగ కక్కుతున్నాయి. ఎడమ పక్కన కూడా అంతే. మధ్యలో మాత్రం లోపలి దాకా ఒక బాట వేసినట్టు, నల్లగా, నున్నగా, ఇస్త్రీ చేసిన గుడ్డలా నీళ్ళు. అల అన్నది లేదు.

"ఇదీ చోటు" అన్నారాయన.

"ఇక్కడ ఎవరూ దిగడం లేదేమండీ?" అన్నాను.

"మన అదృష్టం. వాళ్ళకి చూడ్డం రాదు" అన్నారు. "అటు చూడు, ఇటు చూడు. రెండు పక్కలా ఎలా ఎత్తి కొడుతోందో. ఇక్కడ చూడు, పసిపిల్లని పడుకోబెట్టొచ్చు."

"అయితే పోవచ్చా?"

"పోవచ్చు."

ఆ మాట వినగానే నా భుజాల మీద బరువు దిగింది. ఊరు దాటి వచ్చాక మొదటిసారి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పిట్ట పరిగెత్తుకుంటూ పోయి ఆ నల్లటి నీళ్ళలో దిగింది. బడి కొలనులో నేర్చుకున్న ఈత దానిది, బాగానే ఈదుతుంది. నీళ్ళు దాన్ని మెత్తగా పట్టుకున్నాయి.

ఆ తర్వాత రోజూ అక్కడికే. ఇసుకలో నిన్నటి మా అడుగులు తప్ప ఇంకెవరి అడుగులూ ఉండేవి కావు. ఒక వీధికుక్క మా వెంట రాళ్ళ దాకా వచ్చి, అక్కడే కూర్చుని, మేము తిరిగొచ్చేదాకా మా వంక చూస్తూ ఉండేది. పిట్ట ఎంత పిలిచినా నీళ్ళ దగ్గరికి వచ్చేది కాదు.

అత్తయ్య కూడా ఒకరోజు సరదా పడింది. మేజోళ్ళు విప్పి మడిచి బొడ్లో దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాలు తడిసేంత వరకు దిగింది. ఒక చెప్పు జారి నీళ్ళలో పడింది.

"ఓసేవ్, నా చెప్పు!"

పిట్ట అందుకునేలోపు అది చేతికందని దూరం పోయింది. తేలుతూ, ఎక్కడా ఆగకుండా, ఎవరో వేళ్ళు పట్టుకుని నడిపించుకుపోతున్నట్టు సూటిగా లోపలికి పోయింది. జెండాల దగ్గర బంతి పడితే అల దాన్ని మళ్ళీ ఒడ్డుకే విసిరేది. ఇది వెనక్కి రాలేదు. చుక్కంత అయిపోయేదాకా చూస్తూ నిలబడ్డాం.

"నాకంటే ముందు నా చెప్పు విహారానికి బయల్దేరింది" అంది అత్తయ్య. "రెండోది కూడా ఇచ్చేస్తాను, పాపం ఒంటరిగా ఏం పోతుంది" అని దాన్నీ విసిరేసింది. అదీ అదే దారిన పోయింది.

"ఏవండీ, అలా పోతోందేమిటి?" అన్నాను.

"వెనక్కి తోయడానికి అల లేదు కదా. మెల్లగా అలా పోతుంది" అన్నారు. చెప్పిన తీరు చూస్తే నిజమే అనిపించింది. అయినా నేను పిట్టని ఆ రోజుకి బయటికి రమ్మన్నాను.

"అమ్మా, చెప్పుకి ఈత రాదు. నాకొచ్చు" అంది అది.

*

తిరుగు ప్రయాణం దగ్గరపడింది. ఇన్నాళ్ళు మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్న కింద వాటా అక్కకి ఒక్కపూటైనా అన్నం పెట్టాలనిపించింది. ఆవిడకి సెలవున్న రోజు చూసి, "మధ్యాహ్నం మాతో పాటు ఒడ్డున భోంచేద్దువు గాని రా అక్కా, నల్లరాళ్ళు దాటి వచ్చెయ్" అని పొద్దున్నే మెట్ల మీద నుంచి చెప్పాను. ఆవిడ నీళ్ళ పంపు దగ్గర ఉంది. "రాళ్ళు దాటా? అక్కడేముంది?" అంది. బిందె నిండి పొర్లుతుంటే అటు తిరిగిపోయింది. "వస్తాలే, మీరు పదండి" అంది.

ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. మబ్బు తునక లేదు. కానీ ఎక్కడో దూరంగా పెద్ద గాలేదో వీచి ఉండాలి. రెండు పక్కలా అలలు ఇంతకు ముందెప్పుడూ లేనంత ఎత్తు లేచి, ఇసుక అదిరేలా పడుతున్నాయి. మధ్యలో మాత్రం ఎప్పటికంటే నున్నగా, ఎప్పటికంటే నల్లగా ఉంది.

"చూశావా, ఇంత పోటులో కూడా ఇక్కడ చలనం లేదు" అన్నారాయన. ఆయన గొంతులో గర్వం వినపడింది. "చోటు పట్టుకోవడం అంటే అదీ."

పిట్ట దిగింది. నేను దుప్పటి పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, గిన్నెల మూతలు తీస్తున్నాను. అత్తయ్య ఎప్పటిలాగే మేజోళ్ళు విప్పి బొడ్లో దోపుకుని, గొడుగు కింద కూర్చుని ఉప్పు ఎక్కువైందో లేదో రుచి చూస్తోంది.

నేను తల ఎత్తి చూసేసరికి పిట్ట తల చాలా చిన్నగా కనపడింది.

"ఏవండీ, దూరం పోయింది."

"వస్తోందిగా" అన్నారు. నిజమే, మా వైపే ఈదుతోంది. చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. చూస్తూ ఉన్నాను. చేతులు లేస్తూనే ఉన్నాయి. తల మాత్రం పెద్దది కావడం లేదు.

ఆయన లేచి నీళ్ళ అంచుకి పోయారు. "వచ్చిన దారినే! వచ్చిన దారినే రా!" అని అరిచారు. దగ్గు తగ్గింది గానీ గొంతు తిరిగి రాలేదు. ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. నా వైపు తిరిగి, "నువ్వు కేకెయ్యి. నా గొంతు అంతదూరం పోవడం లేదు" అన్నారు.

నేను అరిచాను. నా గొంతు ఉన్నదంతా పెట్టి అరిచాను. "పిట్టా! వచ్చిన దారినే రా! సూటిగా రా!"

దానికి వినపడింది. ఒక్క క్షణం ఆగి మావైపు చూసి, మరింత గట్టిగా చేతులు వేసింది. మరింత చిన్నదైంది.

నా వెనక ఏదో పడిన చప్పుడైంది. కింద వాటా అక్క. చేతిలోని పళ్ళ సంచీ ఇసుకలో పడేసి పరిగెత్తుకొస్తోంది.

"ఎవరది? ఎవరు దింపారు అక్కడ? అయ్యో, అది లాగుడు, లోపలికి ఈడ్చుకుపోతుంది! ఇటు రమ్మనకు చెల్లీ! పక్కకి పొమ్మను! ఆ నురగలోకి పొమ్మను!"

"నురగలోకా?" అన్నారాయన. "ఆ తెల్లటి దాన్లోకా? చితికిపోతుంది!"

"చితకదు. అల ఒడ్డుకి తోస్తుంది. ఇటే ఈదితే చేతులు పడిపోతాయి, మునిగిపోతుంది. చెప్పమ్మా, నీ గొంతే పోతుంది అంతదూరం, చెప్పు!"

నేను ఆయన మొహం వైపు చూశాను. ఇన్నేళ్ళుగా నీళ్ళ విషయంలో నాకు తెలిసిందల్లా ఆ మొహం వైపు చూడటమే. ఆయన నా వైపు చూస్తున్నారు. ఏదైనా చెప్తారేమోనని నేను చూస్తుంటే, నేను చెప్తానేమోనని ఆయన చూస్తున్నారు.

నేను నీళ్ళ వైపు తిరిగాను.

"రాకు!" అన్నాను. "పిట్టా, ఇటు రాకు! అమ్మ దగ్గరికి రాకు! పక్కకి పో! తెల్లటి దాన్లోకి పో!"

చేతులు ఆగాయి. అంత దూరంలో దాని మొహం కనపడదు, అయినా అది నన్నే చూస్తోందని నాకు తెలుసు. పుట్టిన దగ్గర నుంచి అది నా నోట రా, రా, రా తప్ప ఇంకో మాట వినలేదు.

"రాకు!" అని మళ్ళీ అరిచాను.

అది పక్కకి తిరిగింది. నల్లటి నీళ్ళని అడ్డంగా దాటుకుంటూ పోయింది. ఒక పెద్ద అల దాని వెనక లేచింది, తెల్లగా విరిగింది. అంతే, ఇక కనపడలేదు. అత్తయ్య ఏదో అంటోంది. ఆయన నడుములోతు నీళ్ళలో ఉన్నారు, కింద వాటా అక్క ఆయన చొక్కా వెనక నుంచి రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. నేను నిలబడే ఉన్నాను. ఆ తెల్లటిదాన్ని చూస్తూ నిలబడే ఉన్నాను.

ఒడ్డున చాలా దూరంలో, అల వెనక్కి పోయాక, ఇసుక మీద ఏదో నల్లగా మిగిలింది. మోకాళ్ళ మీద లేచింది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది.

నేను పరిగెత్తి పోయి ముందు వీపు మీద ఒక్కటి వేశాను. తర్వాతే పట్టుకున్నాను. అది ఉప్పునీళ్ళు కక్కి, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా, "మైకు బాగానే పనిచేసింది" అంది. నవ్వబోయింది గానీ రాలేదు. అత్తయ్య చెప్పుల్లేని కాళ్ళతో మండే ఇసుకలో అంతదూరం వచ్చి, బొడ్లోంచి ఉన్ని మేజోళ్ళు తీసి, ఆ ఎండలో దాని కాళ్ళకి తొడిగింది. ఎవరూ నవ్వలేదు.

ఆయన మాత్రం రాలేదు. మేము తిరిగి వచ్చేసరికి తడిబట్టలతో అక్కడే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ నున్నటి బాట వంక చూస్తున్నారు.

"రెండు పక్కలా వచ్చిన నీళ్ళు ఎక్కడో ఒకచోట తిరిగి లోపలికి పోవాలి కదండీ" అంది కింద వాటా అక్క, మెల్లగా. "ఇలా పోతాయి. అందుకే అల విరగదు."

"నల్లగా ఉంది కదా" అన్నారాయన.

*

ఇంటికొచ్చేసరికి చలికాలం చివరికొచ్చింది. ఆయన దగ్గు పూర్తిగా పోయింది. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి విని, "ఆ గాలి మహిమ చూశారా, కొత్త మనిషైపోయారు" అన్నాడు. అత్తయ్య కిటికీ వైపు తిరిగింది. నేను ఔనన్నట్టు తల ఊపాను.

శిష్యుడు వేసిన కర్రలు సరస్సు మీద అలాగే ఉన్నాయి. ఏటా దారి మూసేది, కర్రలు పీకేది ఆయనే. చలి మొదట్లో గడ్డ నల్లగా ఉంటే గట్టిదని పిల్లలకైనా తెలుసు. చలి చివర్లో అలా కాదు. లోపల నీరు పట్టి, కుళ్ళిన గడ్డ కూడా నల్లగానే కనపడుతుంది. ఆ నలుపుకీ ఈ నలుపుకీ తేడా ఊళ్ళో ఆయన ఒక్కరి కంటికే ఆనేది.

"మీరొచ్చాకే పీకుదామని ఆగానండీ" అన్నాడు శిష్యుడు. "ఇంకా ఆగితే బళ్ళవాళ్ళు ఆగరు. కర్ర కనపడితే ఎక్కించేస్తారు."

ఆ పొద్దున నేనూ పిట్టా కూడా ఒడ్డుకి వెళ్ళాం. ఎప్పుడూ వెళ్ళేవాళ్ళం కాదు. ఆయన అడుగు వేసేటప్పుడు చూడటం నా వల్ల కాదు, వచ్చాక చూడటమే నాకు అలవాటు. ఆ రోజు ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. పాత తాడు శిష్యుడి చేతిలో పోగులు పోయి ఉంది. నేను నా సంచీలోంచి నైలాను తాడు తీసి ఇచ్చాను. దానికింకా ఉప్పు వాసన పోలేదు.

ఆయన నడుముకి కట్టుకున్నారు. గునపం తీసుకున్నారు. గడ్డ అంచున నిలబడ్డారు. దాని మీద మంచు ఊడ్చుకుపోయి, ఆ చివరి దాకా నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది.

నిలబడే ఉన్నారు. శిష్యుడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. గునపం గడ్డకి తగిలించి ఒకసారి పొడిచారు. చెవి పెట్టి విన్నారు. మళ్ళీ పొడిచారు. తర్వాత వెనక్కి తిరిగి, శిష్యుణ్ణి కాదు, నన్ను చూశారు.

"పోవచ్చంటావా?" అన్నారు.

పెళ్ళైన దగ్గర నుంచి ఆయన ఎవర్నీ ఆ మాట అడగడం నేను వినలేదు. శిష్యుడు తల దించుకున్నాడు. పిట్ట నా చెయ్యి పట్టుకుంది.

వద్దు అనడం నాకు ఊపిరి తీసినంత తేలిక. బడికి వద్దన్నాను, బస్సుకి వద్దన్నాను, మేడ మీదికి వద్దన్నాను, లోకంలో ఉన్నవాటన్నిటికీ వద్దన్నాను. ఆ పొద్దున ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. వద్దంటే ఆయన వెనక్కి వచ్చేస్తారు. ఆ వెనక్కి రావడం ఆ ఒక్క రోజుతో పోదని నాకు తెలుసు. పొమ్మంటే, పొమ్మన్నది నేనవుతాను. గడ్డ గురించి నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఆయన.

"తాడు నేను పట్టుకుంటాను" అన్నాను.

శిష్యుడు నా మొహం చూసి తాడు కొస నా చేతిలో పెట్టాడు. ఆయన నడుముకి కట్టిన తాడు నేను పట్టుకోవడం అదే మొదలు.

ఆయన కాలు పెట్టారు. గునపం ఠక్ మంది. ఒక అడుగు. మళ్ళీ ఠక్. మొదటి కర్ర దగ్గరికి పోయి, దాన్ని ఊపి, పీకి చంకన పెట్టుకున్నారు. రెండో కర్ర. ఆయన చిన్నగా అవుతున్నారు. ఎక్కడో కింద నుంచి సరస్సు పొడుగునా ఒక మూలుగు పాకుతూ పోయింది. చలి చివర్లో గడ్డ అలా మూలుగుతుంది, మామూలే, భయపడకని ఏటా ఆయనే చెప్పేవారు. ఆయన ఆగి వెనక్కి తిరిగి చూశారు.

"అమ్మా," అంది పిట్ట, "ఏదైనా అయితే ఏమని అరుస్తావు?"

నా గొంతు సిద్ధంగానే ఉంది. దాన్లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి, వచ్చిన దారినే రా అని ఒకటి, రాకు అని ఒకటి. ఏది పైకి వస్తుందో నాకు తెలియదు. ఆయన అటు తిరిగి మళ్ళీ నడవడం మొదలుపెట్టారు. ఆ నున్నటి నలుపు మీద, నా చేతుల్లోంచి, తాడు కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది.